నాన్నగారి పేరున చేస్తున్న సాయాన్ని ట్రస్టుగా మార్చాలా? తమ్ముడు అమెరికా పౌరుడు, ఇంట్లో మాటలొస్తున్నాయి

నరసన్నపేట_పెద్దబ్బాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు, పోయి ఆరేళ్లయింది. ఉన్నన్నాళ్లూ ఏటా బడులు తెరిచే ముందు ఊళ్లో నలుగురైదుగురు పిల్లలకి పుస్తకాలు, ఫీజులు ఆయనే చూసుకునేవారు, ఇంట్లో కూడా చెప్పేవారు కాదు. ఆయన పోయాక బీరువా సర్దుతుంటే ఒక పొడుగు నోటుబుక్కు దొరికింది, 1994 నుంచి లెక్క ఉంది అందులో. పిల్ల పేరు, తరగతి, ఎంత ఇచ్చారు, ఆ పక్కన ఎర్ర సిరాతో పాసయిందా లేదా. కొన్ని పేర్ల దగ్గర "మానేసింది, పెళ్లి" అని రాసి ఉంది. ఒక పేరు దగ్గర ఆ మాట రాసి, దాని కింద గీత గీసి, మళ్లీ రెండేళ్ల తర్వాత తేదీ వేసి "ప్రైవేటుగా పదో తరగతి కట్టింది, పాస్" అని రాశారు. అది చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. దీన్ని ఆపకూడదని ఆ రోజే అనుకున్నాం.

మేం ముగ్గురం. నేను ఇక్కడే, చెల్లి విజయనగరంలో, తమ్ముడు న్యూజెర్సీలో. ఏటా సుమారు మూడు లక్షలు పెడుతున్నాం, తమ్ముడు రెండు లక్షలు పంపుతాడు, నేను అరవై వేలు, చెల్లి నలభై వేలు. అంతా నా సేవింగ్స్ ఖాతాలోనే పడుతుంది, నేనే తీసి కడతాను. ఈ ఏడు పద్నాలుగు మంది పిల్లలు, ఎక్కువమంది ఇంటర్, పాలిటెక్నిక్ చదివే ఆడపిల్లలు.

ఇప్పుడు సమస్య. పోయిన జూన్‌లో మా పిన్ని వచ్చి అరుగు మీద కూర్చుని "ఊరోళ్ల గుంటలకి కడుతున్నావు, మనింటి గుంటడు ఏటి పాపం చేసినాడు బాబూ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్ల మనవడికి ఇంజనీరింగ్ ఫీజు. నేను కాదనలేక అదే ఖాతాలోంచి 45,000 కట్టేశాను. ఏడాది చివర లెక్క పంపితే తమ్ముడు వీడియో కాల్‌లో ఒక్క మాటే అన్నాడు, "అన్నయ్యా, ఇది నాన్న పుస్తకంలో రాసుకునే రకమేనా" అని. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. వాడన్నది తప్పని కాదు, నా దగ్గర జవాబు లేదని.

ఇంకొకటి, ఆగస్టు 15న స్కూల్లో నాకు దండ వేశారు. ఫ్లెక్సీ మీద నా ఫొటో పెద్దగా, నాన్నగారిది పైన మూల చిన్నగా. చెల్లి వెనక బెంచీలో కూర్చుని ఉంది. ఏమీ అనలేదు, కానీ ఆ రోజు భోజనానికి ఆగకుండా బస్సెక్కి వెళ్లిపోయింది.

తమ్ముడు ఇప్పుడు ఒకేసారి 25 లక్షలు ఇస్తాను, ట్రస్టు పెట్టి వడ్డీతో నడుపుదాం అంటున్నాడు. వాడికి అమెరికా పౌరసత్వం వచ్చి నాలుగేళ్లయింది. నాన్నగారి పేరున 80 సెంట్ల పొలం కూడా ఉంది, అదీ ట్రస్టుకి రాసేద్దామా అన్న మాట నడుస్తోంది. ట్రస్టు పెడితే ఈ గొడవలు తీరతాయా? ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి.

ఆడిటర్_ఆఫీసు_విజయనగరం:

సార్, ముందు తమ్ముడి డబ్బు సంగతి చూడండి. మిగతావాటికి టైముంది, దీంట్లో తప్పు జరిగితే వెనక్కి తీసుకోవడం కష్టం.

ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన బ్యాంకు ద్వారా మన ట్రస్టుకి ఇస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు. కానీ మీ తమ్ముడు అమెరికా పౌరుడు. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా సరే, 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం ఆయన ఇచ్చేది విదేశీ విరాళమే. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా మీ ట్రస్టు ఒక్క రూపాయి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పెట్టి మూడేళ్లు గడవాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. మీరు ఏడాదికి మూడు లక్షల చొప్పున మూడేళ్లు చేసినా తొమ్మిదే. అందులోనూ రెండొంతులు తమ్ముడివే, అవి ట్రస్టుకి రాకూడదు. రిజిస్ట్రేషన్ దొరికినా ఆ డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ముందస్తు అనుమతి అని ఇంకో దారి ఉంది, కానీ ఇచ్చేది ఒక వ్యక్తి అయితే తీసుకునే సంస్థ బాధ్యుల్లో కనీసం 75 శాతం మంది ఆయన కుటుంబం, దగ్గర బంధువులు కానివాళ్లు ఉండాలి. అంటే ముగ్గురు తోబుట్టువుల ట్రస్టుకి అది కుదరదు.

చాలామంది చేసే పని ఒకటి చెప్తాను, మీరు చెయ్యొద్దు. తమ్ముడు అన్నకి పంపడం, అన్న తన పేరున ట్రస్టుకి వెయ్యడం. చేతులు మారినంత మాత్రాన అది మామూలు డబ్బు అయిపోదు, చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది.

మరి ఇప్పటిదాకా చేసింది తప్పా అంటే కాదు. తమ్ముడు మీకు వ్యక్తిగతంగా పంపింది బంధువు ఇచ్చిన బహుమతి, దాని మీద మీకు పన్ను పడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశీ పౌరులైన బంధువుల నుంచి వచ్చింది 10 లక్షలు దాటితే మాత్రం మూడు నెలల్లో కేంద్ర హోం శాఖకి తెలియజెయ్యాలి. ఒకేసారి 25 లక్షలంటే ఇది వర్తిస్తుంది, గుర్తుంచుకోండి. మీరు ఆ డబ్బుతో మీ పేరునే పిల్లల ఫీజులు కాలేజీకి నేరుగా కట్టుకోవచ్చు.

రెండో సంగతి, పన్ను మినహాయింపు. ట్రస్టు పెట్టగానే రాదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధర్మసంస్థగా నమోదు, అంటే 12ఏబి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, కొత్త ట్రస్టుకి ముందు మూడేళ్లకి తాత్కాలికంగా ఇస్తారు. దాతలకి మినహాయింపు కావాలంటే 80జి వేరుగా తీసుకోవాలి. అది వచ్చాక కూడా మామూలుగా ఇచ్చినదాంట్లో సగానికే, అదీ పరిమితికి లోబడి, నగదుగా రెండు వేలు దాటి ఇస్తే అసలు లేదు. మీరూ మీ చెల్లెలూ కొత్త పన్ను విధానంలో ఉంటే 80జి మినహాయింపే ఉండదు. కాబట్టి పన్ను కోసమే అయితే ట్రస్టు అక్కర్లేదు. నేను పాత సెక్షన్ నంబర్లతోనే రాశాను, అందరికీ నోట్లో ఉన్నవి అవే. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి కాబట్టి కొత్త కాగితాల మీద నంబర్లు వేరే ఉంటాయి.

పిన్నిగారి మనవడి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ట్రస్టు ఉండి, ట్రస్టు పెట్టినవాళ్ల బంధువులకి, ట్రస్టీల బంధువులకి లాభం చేకూర్చితే పన్ను అధికారి మినహాయింపు మీదే చెయ్యి వేస్తాడు. చట్టం ఎవరెవరిని బంధువులుగా లెక్క వేస్తుందో ఆ లిస్టు పెద్దదే, డీడ్ (ట్రస్టు పత్రం) రాసేటప్పుడు చూపిస్తాను. ట్రస్టు డబ్బు తెలిసినవాళ్లకి వడ్డీకి ఇవ్వడం కూడా అంతే. బ్యాంకు డిపాజిట్, పోస్టాఫీసు లాంటి చట్టం చెప్పినచోటే ఉంచాలి. మన జిల్లాల్లో ఇలా "మనోడేగా" అని చేబదులు ఇచ్చి ఇరుక్కున్న ట్రస్టుల ఫైళ్లు నా టేబుల్ మీదకి వస్తుంటాయి.

కోట_జంక్షన్_వదిన:

ఆడిటర్ గారు కాగితం సంగతి చెప్పారు, నేను ఇంటి సంగతి చెప్తాను.

మా అత్తగారి పుట్టింటివాళ్లకి ఒక చిన్న ట్రస్టు ఉంది, అన్నదానానికీ, ఆడపిల్లల చదువుకీ. పెట్టిన తాతగారు ఉన్నన్నాళ్లు బాగానే నడిచింది. ఆయన తర్వాత డీడ్‌లో "మా కుటుంబ పెద్ద కుమారుడు మేనేజింగ్ ట్రస్టీ" అని ఒక్క ముక్క ఉండడం వల్ల పదకొండేళ్లు కోర్టు. పెద్ద కుమారుడంటే పెద్ద కొడుకా, పెద్ద కొడుకు కొడుకా, ఆయనకి కొడుకు లేకపోతే తమ్ముడా. కూతుళ్ల పేరు అసలు ఎక్కడా లేదు. ఆ పదకొండేళ్లూ బ్యాంకులో డబ్బు అలాగే ఉంది, ఒక్క పిల్లకీ ఫీజు కట్టలేదు. నాకు కోపం వచ్చేది దానికే. వాళ్లు కొట్టుకున్నందుకు కాదు, ఆ ఏళ్లలో చదువు మానేసిన పిల్లల లెక్క ఎవరి దగ్గరా లేనందుకు.

పెద్ద ఇళ్లల్లోనూ ఇది తప్పలేదు. పి.వి.జి. రాజు గారు 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరున పెట్టిన మాన్సాస్ ట్రస్టు మా విజయనగరానిదే. ఎన్ని కాలేజీలు, ఎంతమంది చదువు! దానికే 2020లో చైర్మన్ పదవి మీద వివాదం వచ్చి, 2021 జూన్‌లో హైకోర్టు తీర్పు దాకా వెళ్లింది. ఎవరిది న్యాయం అన్న చర్చ నాకొద్దు, ఆ వాదన ఇక్కడ మొదలుపెట్టకండి. అంతటి సంస్థకే తర్వాత ఎవరన్న దగ్గర చిక్కు వచ్చిందంటే, మూడు లక్షల సాయానికి ఈ ముక్క ముందే రాసుకోవాలా వద్దా?

మా ఇంట్లో కోర్టు అయ్యాక మేం చేసిన మార్పులు చెప్తాను. ట్రస్టీ ఎవరైనా అయిదేళ్లే, ఆ తర్వాత రెండేళ్లు దిగాలి. కొడుకు కూతురు తేడా లేదు, మా ఆడపడుచు ఇప్పుడు లెక్కలు చూస్తోంది, ఆవిడ చూడడం మొదలెట్టాక రసీదు లేని ఖర్చు ఒక్కటీ లేదు. పిల్లల్ని ఎంచేది మేం కాదు. ఇద్దరు రిటైర్డ్ టీచర్లు, ఒక ఏఎన్ఎమ్, ఈ ముగ్గురూ మా చుట్టాలు కారు. వాళ్లు పేర్లు ఇస్తారు, మేం డబ్బు కడతాం. దీనివల్ల ఏం జరిగిందంటే, చుట్టాలొచ్చి అడిగితే "నా చేతుల్లో లేదు పిన్నీ" అనే మాట నిజంగా నిజమైంది. అంతకుముందు అదే మాట అంటే ఎవరూ నమ్మేవారు కాదు.

ఇంక మీ చెల్లెలి సంగతి. ఫ్లెక్సీ గురించి ఆవిడ మీతో మాట్లాడదు సార్, మీరే వెళ్లాలి. ఫోన్ కాదు, విజయనగరం రండి. నలభై వేలు మూడు లక్షల్లో చిన్న వాటాలా కనిపిస్తుంది కానీ ఆవిడ ఆ డబ్బు ఏ ఖర్చు తగ్గించుకుని తెస్తోందో మీకు తెలుసా? నేనూ ఒక చెల్లెల్నే కాబట్టి అడుగుతున్నాను.

కవిటి_కొబ్బరితోట:

నాది ఉద్దానం. ట్రస్టు పెట్టొద్దు అనే నా మాట. ఇచ్చేవాళ్లు ఇవ్వడం గురించే ఎక్కువ ఆలోచిస్తారు, తీసుకునేవాడికి ఏం కావాలో అడగరు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటింది. తెల్లారేసరికి మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ తర్వాత నెలరోజులు లారీలు వచ్చాయి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, వాళ్ల రుణం మరిచిపోను. కానీ లారీల నిండా చీరలు, దుప్పట్లు, బియ్యం. మా అమ్మకి పదకొండు చీరలొచ్చాయి. మాకు కావల్సింది పడిన చెట్లు కొయ్యడానికి రంపం మిషన్లు, డీజిల్, మళ్లీ వెయ్యడానికి కొబ్బరి మొక్కలు. మొక్క పెడితే కాపుకి అయిదారేళ్లు పడుతుంది, ఆ అయిదారేళ్లు ఇల్లెలా గడవాలన్నది అసలు బాధ. విజయవాడ నుంచి వచ్చిన ఒక కుర్రాడు మాత్రం ముందు ఖాళీ చేతులతో వచ్చి, నోటుబుక్కు తీసుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగి, వారం తర్వాత రెండు రంపం మిషన్లు, ఒక ఆపరేటరుతో వచ్చాడు. మా వీధి దారి తెరుచుకుంది ఆ మిషన్లతోనే.

కిడ్నీ జబ్బు కూడా అంతే. మా మండలాల్లో ఇంటికో మనిషి ఉన్న ఊళ్లున్నాయి. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లి రావాలి, కూడా ఒక మనిషి వెళ్లాలి, ఆ మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. ఆటో ఖర్చు ఇవ్వండి అంటే ఏ ఫౌండేషన్ ఇవ్వదు, ఎందుకంటే ఆటో మీద పేరు రాసుకోవడానికి వీల్లేదు. నా బాధ అది.

మీ నాన్నగారు మాస్టారు కదా, ఆయన పుస్తకంలోనే జవాబు ఉంది. "మానేసింది, పెళ్లి" అని రాసిన పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. వాళ్లకి ఫీజు చాలక మానేశారా, కాలేజీకి బస్సు లేక మానేశారా, ఇంట్లో తల్లి మంచాన పడితే మానేశారా? ఫీజుకి ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ ఎంతో కొంత ఉంది. బస్ పాసుకీ, హాస్టల్ గదికీ, నెలసరి సామానుకీ ఎవరూ ఇవ్వరు. ఇంకొకటి, పిల్లల్ని స్టేజి ఎక్కించి కవరు చేతికిచ్చి ఫొటో తీయించడం ఆపండి. పదహారేళ్ల పిల్లకి అది ఎంత అవమానమో ఇచ్చేవాళ్లకి తెలీదు.

రిటైర్డ్_బ్యాంకు_రాజాం:

కవిటి తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను, ఒక్క "ట్రస్టు వద్దు" అన్నది తప్ప.

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. మీలాంటి ఖాతాలు ఎన్నో చూశాను. మంచి మనిషి, అందరి డబ్బూ ఆయన ఖాతాలోనే, పైసా తేడా ఉండదు. ఒకరోజు ఆయన పోతాడు. అప్పుడు ఆ ఖాతాలో ఉన్నది అందరి దానం డబ్బు అని బ్యాంకుకి ఎలా తెలుస్తుంది? నామినీ వచ్చి తీసుకుంటాడు, నామినీ అంటే సొంతదారు కూడా కాదు, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమే. మీ పిల్లలు మంచివాళ్లే అయినా, వాళ్లలో ఒకరు "ఇది మా నాన్న ఖాతా" అంటే మీ తమ్ముడు ఏం చూపిస్తాడు? 25 లక్షలు మీ పేరున ఎఫ్‌డీ వేస్తే దాని వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది, పన్ను మీరు కడతారు. ఈ రెండూ ఆలోచించారా?

నా సలహా ఇది. తమ్ముడి 25 లక్షలు ఇప్పుడు తేవద్దు. ఆయన ఏటా పంపినట్టే మీకు పంపనివ్వండి, దానికి విడిగా ఒక ఖాతా తెరవండి, మీరూ చెల్లెలూ ఇద్దరి పేరున, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలేలా. మీ ఇంటి పాల బిల్లు, కరెంటు బిల్లు ఆ ఖాతాలోంచి పోకూడదు. మీరిద్దరూ వేసే లక్షతో వేరుగా ఒక చిన్న ట్రస్టు పెట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టర్ చేయించండి. అది రెండు మూడేళ్లు నడిచాక మీకే తెలుస్తుంది, పెద్దది చెయ్యాలో వద్దో. ఈ రెండు డబ్బులూ కలవకూడదు, ఆడిటర్ గారు చెప్పింది గుర్తుందిగా.

పొలం మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. ధర్మానికని ఒకసారి రాసి ఇచ్చాక అది మీ చేతుల్లో ఉండదు. మన రాష్ట్రంలో 1987 దేవాదాయ చట్టం గుళ్లకే కాదు, ధర్మసంస్థలకీ ఉంది. వాటి భూమి అమ్మాలంటే దేవాదాయ శాఖ అనుమతి కావాలి. పైగా అమెరికా పౌరుడైన మీ తమ్ముడు వారసత్వంగా వచ్చిన సాగుభూమిలో తన వాటా ఇవ్వాలన్నా అమ్మాలన్నా ఇండియాలో నివసించేవాళ్లకే ఇవ్వగలడు, ట్రస్టుకి రాయడం కుదురుతుందో లేదో ముందు కనుక్కోవాలి. పొలం కౌలు డబ్బు ఏటా పిల్లలకి ఇవ్వండి, భూమి భూమిలాగే ఉండనివ్వండి.

నరసన్నపేట_పెద్దబ్బాయి:

అందరికీ పేరుపేరునా దండాలు. మూడు వారాలైంది, జరిగింది రాస్తున్నాను.

వదిన గారు రాసింది చదివిన ఆదివారమే విజయనగరం వెళ్లాను. నోటుబుక్కు పట్టుకెళ్లాను. చెల్లి దాన్ని నాన్న పోయినప్పుడు ఒక్కసారి చూసిందట, ఆ తర్వాత నేను నా బీరువాలో పెట్టేసుకున్నాను, అడగాలని అనిపించినా అడగలేదట. నలభై వేలు ఎలా తెస్తున్నావమ్మా అని అడిగితే, కుట్టుమిషను పని మీద వచ్చిందంతా అదే అని చెప్పింది. ఆరేళ్లుగా నాకు తెలీదు. ఇద్దరం కూర్చుని "మానేసింది" అని రాసిన పేర్లు లెక్కపెట్టాం. ఇరవై మూడు. అందులో తొమ్మిదిమంది ఇప్పుడెక్కడున్నారో చెల్లికి తెలుసు, ఇద్దరికి ఫోన్ చేసింది. ఒకామె చెప్పింది, ఫీజు మాస్టారే కట్టారు, కాలేజీ నుంచి సాయంత్రం ఆటోలో ఒక్కదాన్నే రావాల్సి వచ్చేది, అందుకే ఇంట్లో మాన్పించేశారు అని.

నోటుబుక్కు ఇప్పుడు చెల్లి దగ్గరే ఉంది. ఇకమీదట రాసేది తనే. జాయింట్ ఖాతా ఫారాలు నింపాం. పిల్లల్ని ఎంచడానికి నాన్నగారితో పనిచేసిన ఇద్దరు టీచర్లని అడిగితే సరేనన్నారు. పిన్ని మనవడి 45,000 నా జేబులోంచి తిరిగి వేశాను. పిన్నికి వచ్చే ఏడాది కూడా నేనే ఇస్తాను, నా జీతంలోంచి, ఎంత వీలైతే అంత. అది ఆవిడకే చెప్పాను, కొంచెం మొహం ముడుచుకుంది కానీ టీ తాగి వెళ్లింది. తమ్ముడు 25 లక్షలు ఆపాడు. ఈసారి ఇద్దరు ముగ్గురు పిల్లల ఇళ్ల నుంచి కాలేజీ దాకా ఆటో మాట్లాడితే నెలకి ఎంతవుతుందో కనుక్కో అన్నాడు, కనుక్కుంటున్నాను.

ఆడిటర్ గారూ, చిన్న ట్రస్టు డీడ్ మాత్రం రాయించాలనుకుంటున్నాం, మేమిద్దరం, ఇద్దరు టీచర్లు ట్రస్టీలుగా. తర్వాత ఎవరన్న దగ్గర ఏం రాయాలి?

ఆడిటర్_ఆఫీసు_విజయనగరం:

"పెద్ద కుమారుడు" అనే మాట మాత్రం ఎక్కడా రాయించకండి. ఖాళీ అయినప్పుడు మిగిలిన ట్రస్టీలు మెజారిటీతో ఎన్నుకోవాలి, సగంమందికి మించి ఒకే కుటుంబం వాళ్లు ఉండకూడదు, ట్రస్టు మూతపడాల్సి వస్తే మిగిలిన డబ్బు ఇలాంటి పనే చేసే ఇంకో ధర్మసంస్థకి పోవాలి కానీ కుటుంబానికి తిరిగి రాకూడదు, ఈ మూడూ ఉండాలి. చివరిది లేకపోతే 12ఏబి దగ్గరే ఆగిపోతారు. డ్రాఫ్టు రాశాక స్టాంపు పేపరు కొనకముందే నాకు పంపండి, చూసి పెడతాను. టీచర్లిద్దరి పాన్, ఆధార్ కాపీలు కూడా రెడీగా ఉంచుకోండి.